సెల్ఫ్ కొట్టకముందు

"రేపు పొద్దున ఏడింటికల్లా వస్తా. నేను వచ్చేదాకా మాత్రం సెల్ఫ్ కొట్టకు."

పాత ట్రాక్టర్ కొనాలనుకునేవాళ్లు అమ్మేవాడికి ఫోన్ చేసి ముందుగా చెప్పాల్సిన మాట ఇది. ధర సంగతి తర్వాత. ఏ సంవత్సరం బండి అన్నదీ తర్వాతే. ఈ మాటకు అవతలి గొంతు ఏమంటుందో జాగ్రత్తగా వినండి. "సరే అన్నా, రా" అంటే ఒక రకం. "గట్లెందుకన్నా, బండి మస్తు కండిషన్ల ఉంది, వీడియో పెడ్త చూడు" అంటే ఇంకో రకం.

అరగంట నడిపి వేడెక్కించాక ఎంత అరిగిన ఇంజనైనా ఒక్క దెబ్బకే అందుకుంటుంది. రాత్రంతా మంచులో నిలబడ్డ ఇంజను పొద్దున్నే ఎన్నిసార్లు దగ్గి లేస్తుందన్నదాంట్లోనే దాని వయసు ఉంది. అందుకే యార్డులో అడుగుపెట్టగానే, పలకరింపులకంటే ముందు, బానెట్ పక్కనుంచి చేయి పెట్టి ఇంజను దిమ్మను తాకి చూస్తాను. వెచ్చగా తగిలిందా, నాకంటే ముందే ఎవరో వచ్చి దాన్ని నిద్రలేపారన్నమాట. తీరిక ఉంటే చల్లారేదాకా కూర్చుంటాను. లేదంటే ఇంకో రోజు వస్తాను.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో సెల్ఫ్ అంటే ఆత్మవిశ్వాసం, ఆత్మగౌరవం వగైరా. ఈ అధ్యాయంలో మాత్రం సెల్ఫ్ అంటే స్టార్టర్ మోటారే. రెంటికీ బొత్తిగా సంబంధం లేదని అనను. పాత బండి బేరంలో వేడెక్కకుండా ఉండాల్సినవి రెండు: ఇంజను, కొనేవాడి బుర్ర. నా మొదటి బేరంలో రెండూ కాగి ఉన్నాయి.

మాకు అబ్దుల్లాపూర్‌మెట్ మండలం బాటసింగారం దగ్గర నాలుగెకరాల చెలక ఉంది. ఎల్బీనగర్ నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటి వచ్చేవాళ్లకు ఈ పేరు ఇప్పుడు పండ్ల మార్కెట్ వల్ల తెలుసు. దిల్‌సుఖ్‌నగర్ పక్కన కొత్తపేటలో ఉండే గడ్డిఅన్నారం మార్కెట్‌ను ఖాళీ చేయించి, ఆ జాగాలో టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. మార్కెట్ ఇక్కడి లాజిస్టిక్ పార్కుకు వచ్చింది. కోహెడలో శాశ్వత మార్కెట్ కడతామన్నారు, అది వేరే కథ. మామిడి, బత్తాయి లారీలు ఇంటి ముందునుంచే పోతుంటే చెలకలో మామిడి పెట్టాలన్న ఆశ ఎవరికి పుట్టదు? చుట్టూ గోదాములు, వెంచర్లు లేస్తున్నాయి. ఎటు చూసినా మట్టి పనే. ముందు లోడర్, వెనక తవ్వే బకెట్ ఉన్న చిన్న ట్రాక్టర్ ఒకటి ఉంటే మన పని మనమే చేసుకోవచ్చు, మిగిలిన రోజుల్లో కిరాయికి తిప్పొచ్చు. ఇలా అనుకునేవాళ్లు మా చుట్టుపక్కల ఇప్పటికీ కనీసం వీధికొకరు ఉంటారు.

నేను ఆ మార్కెట్ ఇటు రాకముందే అనుకున్నాను. తొమ్మిదేళ్ల కిందట ఒక సాయంత్రం, హైవే పక్కన ఒక యార్డులో 27 హార్స్‌పవర్ మినీ ట్రాక్టర్ చూశాను. పసుపు రంగు మెరిసిపోతోంది. అప్పటికే ఇంజను నడుస్తోంది. మా అబ్బాయి ఎక్కి సీట్లో కూర్చుని దిగనంటే దిగనన్నాడు. అమ్మేవాడు చాయ్ తెప్పించి, ముందు బకెట్ లేపి, దించి, వెనక బకెట్‌తో యార్డులోని వదులు మట్టిలో చేయెడు గుంత తీసి చూపించాడు. అప్పుడే ఒక మాట అడిగాడు: "నీకు ఏడాదికి ఎంత పని ఉంటదన్నా?"

"చాలా ఉంటది" అన్నాను.

అయిదు వారాల తర్వాత, మొరం తగిలిన గుంతలో బకెట్ ఇరుక్కుని, లాగుతుంటే బండి నడుము దగ్గర టప్‌మని చప్పుడైంది. కింద నూనె ధారకట్టింది. ఆటోనగర్ నుంచి చాచాను పిలిపించాను. ఆయన పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు, అందరికీ చాచానే. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే క్లచ్ హౌసింగ్ మీద వైరు బ్రష్ పెట్టి రుద్దాడు. పసుపు రంగు లేచింది. దాని కింద నల్ల ప్రైమర్ లేచింది. దాని కింద గొంగళిపురుగు పాకినట్టు వెల్డింగ్ గీత. పోత ఇనుముకు అతుకు పెట్టి, దాని మీద రంగు కొట్టారు. ఆ అతుకు పక్కనే కొత్తగా పగిలింది.

"రంగు కొన్నవ్ బేటా" అన్నాడు చాచా. హౌసింగ్ మార్చడానికి, బండిని రెండుగా విడదీసి మళ్లీ కలపడానికి నాకు లక్షా పదివేలు అయ్యాయి.

అమ్మినవాడు మోసం చేశాడు, అందులో అనుమానం లేదు. కానీ ఇన్నేళ్ల తర్వాత నన్ను కుదిపేది ఆ మోసం కాదు, అతను అడిగిన ప్రశ్న. ఆ యార్డు మొత్తంలో ఆ సాయంత్రం ఎవరైనా పనికొచ్చే మాట అన్నారంటే అదొక్కటే. దానికి నా దగ్గర అంకె లేదు. "చాలా" అనేది అంకె కాదు. అది వినగానే అతనికి అర్థమైపోయి ఉంటుంది, ఇతను ఇంటి దగ్గరే కొనేసి వచ్చాడని.

కాబట్టి బండి చూడ్డానికి వెళ్లేముందు ఒక నోటుపుస్తకం కొనండి. పోయిన ఏడాది మీ పొలంలో జేసీబీ ఎన్నిసార్లు వచ్చింది, ఎన్ని గంటలు చేసింది, దున్నకానికి ఎంత ఇచ్చారు, పేడ, ఎరువు, మట్టి ఎత్తడానికి కూలీలకు ఎంత పెట్టారు, రాయండి. వచ్చే ఏడాది చేయాల్సినవీ రాయండి. నా విషయమే తీసుకోండి. మామిడి మొక్కకు మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గుంత తీయాలి. పదేసి మీటర్ల ఎడంతో పెడితే ఎకరానికి 40 మొక్కలు, నాలుగెకరాలకు 160 గుంతలు. గుంతకు పది నిమిషాలు వేసుకున్నా చిన్న బండికి 27 గంటల పని. తర్వాత? మామిడి ఏటా పెట్టరు. పైపులైను కాలువ ఒకసారి తీస్తాం. సెప్టిక్ ట్యాంకు ఒకసారి. ఆ వెనక బకెట్ మిగతా ఏడాదంతా బండికి తోకలా వేలాడుతూ, డీజిల్ తాగుతూ, టైర్లు అరగదీస్తూ ఉంటుంది.

ఇక డబ్బు లెక్క. అంకెలు నేను అనుకున్నవి, మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి. బండి అయిదు లక్షలు. నూటికి ఏడాదికి 12 చొప్పున వడ్డీ 60,000. రిపేర్లు, నూనెలు, టైర్లకు తీసిపెట్టేది 40,000. ఏడాదికి బండి విలువ పడిపోయేది 50,000. డీజిల్ చుక్క పోయకముందే లక్షన్నర. జేసీబీ గంట కిరాయి 1,200 అనుకుందాం. అది గంటలో చేసే తవ్వకానికి చిన్న బండికి రెండు గంటలు పడుతుంది, గంటకు మూడు లీటర్లు, లీటరు వంద అనుకుంటే 600 డీజిల్‌కే పోతుంది. మిగిలేది 600. లక్షన్నరను 600తో భాగించండి. ఏడాదికి 250 గంటల జేసీబీ పని ఉంటే తప్ప, అంటే మీ బండి 500 గంటలు తవ్వితే తప్ప, కేవలం తవ్వకం కోసం కొన్న బండి గిట్టదు. మీరే నడిపితే డ్రైవరు జీతం ఉండదు, నిజమే. మీ నడుము నొప్పిని ఈ లెక్కలో నేను కలపలేదు.

ఈ లెక్క వేశాక చాలామంది నీరుగారిపోతారు. అక్కర్లేదు. ఇదే నోటుపుస్తకంలో ముందు బకెట్ పని చూడండి. పేడ ఎత్తడం, మార్కెట్ నుంచి తెచ్చిన కుళ్లిన పండ్లను కంపోస్టు గుంతలో తోయడం, ఇసుక ట్రాలీలోకి పోయడం, వాన తర్వాత బాట సాపు చేయడం: వారంలో మూడు రోజులు ఏదో ఒకటి తగులుతుంది. అరగంట పనికి జేసీబీవాడు రాడు, వచ్చినా కనీసం రెండు గంటల కిరాయి అడుగుతాడు. లోడర్ విలువ ఆ అరగంటల్లో ఉంది. దానికి రోటవేటర్ పని కలిస్తే బండి తన తిండి తాను సంపాదించుకుంటుంది. నన్నడిగితే మా ప్రాంతంలో పదిమందిలో ఎనిమిదిమందికి కావాల్సింది లోడర్ ఉన్న ట్రాక్టరే. తవ్వడానికి కిరాయి బండి చాలు.

పైగా మా భూమి స్వభావం ఒకటుంది. పైన ఎర్ర చెలక, రెండు మూడడుగులు దిగితే గట్టి మొరం, దాని కింద రాయి. చిన్న ట్రాక్టర్ వెనక బకెట్ ఆరేడు అడుగులు దిగుతుందని కాగితం మీద రాసి ఉంటుంది. కోనసీమ మట్టిలో దిగుతుందేమో. ఇక్కడ దాని పళ్లు మొరాన్ని గీకుతాయి, బండి వెనక్కి లేస్తుంది. పెద్ద జేసీబీకి బలం ఒక్కటే కాదు, ఏడెనిమిది టన్నుల బరువూ ఉంది. ఆ బరువే దాన్ని నేలకు పట్టి ఉంచుతుంది.

ఇక్కడొక ముచ్చట. మనం దీన్ని 'ట్రాక్టర్ జేసీబీ' అని కాస్త చిన్నచూపుతో పిలుస్తాం, అసలుదానికి నకలు అన్నట్టు. చరిత్ర తిరగేస్తే ఇదే అసలు. జేసీబీ అనేది జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఇంగ్లండు మనిషి 1945లో పెట్టిన కంపెనీ, ఆయన పొడి అక్షరాలే ఆ పేరు. ఈ రకంలో ఆ కంపెనీ 1953లో తెచ్చిన మొదటి యంత్రం ఫోర్డ్‌సన్ మేజర్ ట్రాక్టర్‌కు ముందు లోడర్, వెనక తవ్వే చేయి తగిలించిందే. మన దేశంలో ఎస్కార్ట్స్‌తో కలిసి హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో 1979లో మొదలుపెట్టారు. బామ్‌ఫర్డ్ పేరు మన దగ్గర ఆ పనికే పేరైంది: "జేసీబీ పెట్టించాం" అంటాం.

సరే, లెక్క తేలింది, కొనాల్సిందే అనుకున్నారు. మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లండి. రోజు కూలి ఇచ్చి తీసుకెళ్లండి, కమీషన్ మీద వచ్చే మెకానిక్ వద్దు. బేరం కుదిరితేనే డబ్బు వచ్చేవాడికి పగులు కనపడదు.

చాచా చూసే వరుస నాకిప్పుడు కంఠతా వచ్చు. ముందు నేల చూస్తాడు. బండి నిలబెట్టిన చోట నూనె మరకలు ఉన్నాయా, మరకల మీద కొత్తగా మట్టి చల్లారా. తర్వాత గేజి పుల్ల బయటికి లాగుతాడు. నూనె నల్లగా ఉంటే భయం లేదు. పాలు కలిసిన చాయ్ రంగులో ఉంటే లోపల నీళ్లు చేరినట్టు, ఇంటికి బయల్దేరొచ్చు. రేడియేటర్ మూత, ఇంజను చల్లగా ఉన్నప్పుడు మాత్రమే, తీసి నీళ్ల మీద నూనె తెట్టు తేలుతోందా అని వేలితో చూస్తాడు. ఆ తర్వాతే సెల్ఫ్. మొదట కాస్త తెల్ల పొగ వచ్చి పోతే సరే. వేడెక్కాక కూడా నీలం పొగ వస్తుంటే ఇంజను నూనె తాగుతోంది, బోరుకు వచ్చింది. నల్ల పొగైతే ఎయిర్ ఫిల్టరో, పంపో, అది సర్దుకునే జబ్బు. ఇంజను నడుస్తుండగా నూనె పోసే మూత తీసి అరచేయి అడ్డం పెడతాడు. పొగ చేతికి గుక్కలు గుక్కలుగా తగిలితే రింగులు పోయినట్టు.

మీటరు గంటల మీద చాచాకు పెద్దగా గౌరవం లేదు. పాత రకం మీటరు ఇంజను తిరిగే వేగాన్ని బట్టి నడుస్తుంది. ఇంజను నెమ్మదిగా గురగురలాడుతూ గంటసేపు నిలబడినా మీటరు గంట కదలదు. లోడర్ బండ్లు అలా నిలబడే సమయం ఎక్కువ. అందుకని ఆయన క్లచ్ పెడల్ రబ్బరు చూస్తాడు. 900 గంటల మీటరు, అరిగి ఇనుము తేలిన పెడల్: రెంటిలో ఒకటి అబద్ధం. టైర్ల పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 3219 అంటే 2019లో 32వ వారం. 2022 బండికి 2016 టైర్లు ఉంటే, అవి ఎక్కడివో అడగండి.

క్లచ్ పరీక్ష సులువు. బ్రేకు గట్టిగా తొక్కి, పెద్ద గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా గుంజుతూ ఉంటే ప్లేటు జారుతోంది. లోడర్ బండిలో ఇది తప్పక చూడాలి, ముందుకూ వెనక్కీ పొద్దస్తమానం క్లచ్ మీదే నడిచిన బండి కదా.

ఇప్పుడు హైడ్రాలిక్స్. ఇక్కడ కాస్త ఆగుదాం. ముందు బకెట్‌ను సగం ఎత్తు లేపి ఇంజను ఆపేయాలి. దాని కింద ఎవరూ నిలబడొద్దు, పిల్లలు ఉంటే దూరం పంపండి. సిలిండర్ నుంచి మెరుపు కడ్డీ ఎంత పొడవు బయటికొచ్చిందో టేపుతో కొలిచి, పది నిమిషాలు వేరే పని చూసుకుని, మళ్లీ కొలవండి. వేలెడంత దిగితే పాత బండికి మామూలే. జానెడు దిగితే సిలిండర్ సీళ్లు పోయుండాలి, లేదా కంట్రోల్ వాల్వ్ అరిగి ఉండాలి. సీల్ కిట్ వేలల్లో పోతుంది, వాల్వ్ అంతకు నాలుగింతలు లాగుతుంది. ఏదో తేలేదాకా ఎక్కువ ఖర్చుదే అనుకుని ధర చెప్పండి. అదే కడ్డీ మీద గోరుతో గీకి చూడండి. తుప్పు గుంటలు గోటికి తగిలితే ఎన్నిసార్లు సీళ్లు మార్చినా అవి వాటిని కోసేస్తాయి.

హోసు పైపు ఎక్కడ కారుతోందో వేలితో తడిమి చూడొద్దు. సూదిమొన అంత చిల్లులోంచి వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినట్టు ఉంటుంది, ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వస్తుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. తగిలిందన్న అనుమానం వచ్చినా ఆసుపత్రికే, ఇంటికి కాదు.

వెనక బకెట్ ఉన్న బండి అయితే కాళ్లు దించి వెనక టైర్లు నేల నుంచి లేపించండి. ఇంజను ఆపి చూస్తే బండి కుంగుతోందా? చేయి పూర్తిగా చాపించి, కొనను పట్టుకుని పక్కలకు ఊపండి. పిన్నులు, బుష్షులు ఎంత అరిగాయో ఆ ఊపే చెబుతుంది. గ్రీజు నిపుళ్లలో ఎండిపోయిన మట్టి ఉందంటే ఆ బండికి గ్రీజు కొట్టినవాడు లేడు. పిన్నుల దగ్గర గ్రీజు బయటికి ఉబికి, దానికి దుమ్ము అంటుకుని, మురికిగా ఉందా? ఆ మురికిని చూసి ముచ్చటపడండి.

చివరగా టార్చి తీసుకుని కిందికి దూరండి. అప్పుడు నేను చేయని పని ఇదే. లోడర్ ఫ్రేము ఎక్కడ బిగించారు? కేవలం క్లచ్ హౌసింగ్‌కే నాలుగు బోల్టులు పెట్టి వదిలేశారా, లేక వెనక యాక్సిల్ దాకా చట్రం లాగి కలిపారా? వెనక బకెట్ మూడు పాయింట్ల లింకుకు వేలాడుతోందా, దానికి విడిగా చట్రం ఉందా? ముందు నుంచి లోడర్, వెనక నుంచి బకెట్ లాగుతుంటే ఆ బరువంతా చట్రం మొయ్యాలి. చట్రం లేకపోతే బండి వెన్నెముకే మోస్తుంది, ఒకరోజు విరుగుతుంది. లింకుకు వేలాడే బకెట్ ఇంకో ప్రమాదం కూడా తెస్తుంది: గట్టి నేలలో లాగినప్పుడు అదే పైకి లేచి సీటు మీదికి వస్తుంది. అటాచ్‌మెంట్లు తయారుచేసే కోయంబత్తూరు బుల్ లాంటి కంపెనీల సరుకా, లేక ఏ వెల్డింగ్ షాపులోనో చేసిందా అన్నదీ ఇక్కడే తేలుతుంది. కొత్త రంగు ఎక్కడ దట్టంగా ఉందో అక్కడ వైరు బ్రష్ పెట్టి రుద్దుతానని చెప్పండి. అమ్మేవాడి మొహం చూడండి.

బ్రష్ నా స్కూటీ డిక్కీలోనే ఉంటుంది.

ముందు యాక్సిల్ గురించి ఒక మాట. మినీ ట్రాక్టర్ ముందు యాక్సిల్ లోడర్ బరువు కోసం పుట్టింది కాదు. బకెట్‌తో ముందు చక్రాలు లేపి, చక్రాన్ని చేత్తో ఊపి చూడండి. రెండు చక్రాలు నడిచే బండికి లోడర్ వేస్తే ముందు బరువెక్కి, వెనక టైర్లు పట్టు తప్పి జారతాయి. నాలుగు చక్రాలు నడిచేదే తీసుకోండి. వెనక బరువు దిమ్మెలు లేకుండా నిండు బకెట్ ఎత్తొద్దు. టెక్సాస్‌లో ఉంటున్న మా పెద్దమ్మ కొడుకు అయిదెకరాల జాగాకు ఇలాంటిదే పాతది కొన్నాడు, వాళ్లు ట్రాక్టర్, లోడర్, బ్యాక్‌హో (వెనక బకెట్) మూడింటినీ కలిపి టీఎల్‌బీ అంటారట. వాడు ఫోన్లో ముందు అడిగింది, మీ బండికి సీటు వెనక ఇనుప కమాను ఉందా, బెల్టు ఉందా అని. బోర్లాపడితే డ్రైవరును కాపాడేవి ఆ రెండే. మన దగ్గర ఆ కమానుకు సద్ది మూట తగిలిస్తాం, లేదా అడ్డమని కోసేస్తాం.

కాగితాల దగ్గర జనం తొందరపడతారు, అప్పటికి అలిసిపోయి ఉంటారు కదా. నంబరు ప్లేటే సగం కథ చెబుతుంది. ఏపీ 29 అంటే రాష్ట్రం విడిపోకముందు రంగారెడ్డి జిల్లాలో రిజిస్టరైన బండి. టీఎస్ అంటే 2014 జూన్ తర్వాతది, టీజీ అంటే 2024 మార్చి తర్వాతది. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు, ఆ పైన తనిఖీ చేయించుకుని అయిదేళ్లకోసారి పొడిగింపు. ఏపీ ప్లేటు బండి కొంటుంటే గడువు తేదీ ముందు చూడండి. ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఉంటే వాళ్ల ఎన్ఓసీ, ఫారం 35 చేతికి రావాలి. బదిలీకి ఫారం 29, ఫారం 30. అమ్మినవాడు రాష్ట్రంలోపల 14 రోజుల్లో తెలపాలి, కొన్నవాడు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. మన యార్డుల్లో నడిచే పద్ధతి వేరు: ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించి, ఆ కట్టను చేతులు మారుస్తూ పోతారు, ఆర్సీలో మాత్రం మొదటి మనిషే ఉంటాడు. రిజిస్టర్‌లో పేరున్నవాడే ప్రమాదానికి బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సంగతి అమ్మేవాడికి చెప్పండి. బదిలీకి మీకంటే అతనే తొందరపడతాడు.

చాసిస్ నంబరును ఫోన్లో ఫొటో తీస్తే చాలదు. దాని మీద తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీయండి, మనం చిన్నప్పుడు రూపాయి బిళ్లతో ఆడుకున్నట్టు. అంకెలు ఒక వరుసలో, ఒకే లోతులో దిగాయా? ఎక్కడైనా గీకి మళ్లీ కొట్టినట్టుంటే ఆ అంకె ముద్రలో మసకగా వస్తుంది. ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చండి. లోడర్, బకెట్ ఆర్సీలో ఉండవు, వాటి బిల్లు విడిగా అడగండి. వ్యవసాయానికి రిజిస్టరైన ట్రాక్టర్‌ను వెంచర్లలో కిరాయికి తిప్పుదామనుకుంటే, ముందు రవాణా శాఖ ఆఫీసులో అడగండి. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్‌వాళ్లు చెబితే తెలుసుకోవడం బాగుండదు. ఇన్సూరెన్స్ పేరు మార్పుకు గడువు 14 రోజులే.

బేరంలో నేను నేర్చుకున్నది ఒక్కటే, కాగితం మీద బేరం ఆడటం. చాచా చెప్పిన రిపేర్లన్నీ, వాటి పక్కన ధరలు వేసి, కూడి, కాగితం అమ్మేవాడి ముందు పెడతాను. "బండి బాగలేదు" అంటే అతనికి కోపం వస్తుంది. "ముందు టైర్లు ఇంత, సీల్ కిట్లు ఇంత" అంటే అతను కూడా కూడిక సరిచూస్తాడు. ఇంకో అంకె కూడా మీ చేతిలో ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. ఆరు లక్షల అసలు ధర ఉన్న కొత్త బండి 6,72,000 నుంచి 6,30,000కు వచ్చినట్టు. అంతకుముందు కొన్నవాడు తన పాత బిల్లు చూసి ధర చెబుతాడు. మీరు ఇవాళ్టి కొత్త బండి ధర తెలుసుకుని వెళ్లండి.

"ఇయ్యాల సాయంత్రం ఇంకో పార్టీ వస్తుండన్నా" అంటాడు. రానివ్వండి. చూసిన రోజే బయానా ఇవ్వనని ఇంటి దగ్గరే మీ ఇంటావిడకు మాటిచ్చి బయల్దేరండి. నేను అలాగే చేశాను. "మా ఇంట్లో ఒప్పుకోరు" అన్న మాటకు యార్డుల్లో తిరుగులేదు.

రెండోసారి నాలుగు బండ్లు చూశాను. ఒకటి వెచ్చగా తగిలింది. ఒకదాని గేజి పుల్లకు చాయ్ రంగు. మూడోది అన్నివిధాలా బాగుంది, కాగితాల్లో ముగ్గురి పేర్లు. ప్రతిసారీ చాచాకు కూలి ఇచ్చి, ఉత్త చేతులతో ఇంటికొచ్చాను. మూడోసారి మా ఆవిడ, ఆ కూలి డబ్బులతో చీర వచ్చేదని లెక్క చెప్పింది. పాత బండికి నేను కట్టిన లక్షా పదివేలకు ఎన్ని చీరలు వచ్చేవో ఇద్దరం పైకి అనలేదు.

నాలుగోదాన్ని నాగోలు వైపు ఒక రైతు దగ్గర కొన్నాను. రంగు వెలిసిపోయి ఉంది, పిన్నుల దగ్గర ఆ మురికి గ్రీజు ఉంది. పొద్దున ఏడింటికి వెళితే ఆయన పళ్లు తోముకుంటూ బయటికొచ్చి, "నువ్వే కొట్టు సెల్ఫ్" అని తాళం విసిరాడు. మూడోసారికి అందుకుంది. వెనక బకెట్ కూడా తీసుకో, విడిగా పడి ఉందన్నాడు. నోటుపుస్తకం తీసి చూసి, వద్దన్నాను. 70,000 తగ్గించాడు.

మొదటి వారం ఇంజను నూనె, గేర్ నూనె, హైడ్రాలిక్ నూనె, ఫిల్టర్లు అన్నీ మార్పించాను. పాత నూనె దించేటప్పుడు గుడ్డలో వడగట్టి చూశాం, ఇనుప పలుకులేమీ రాలేదు. గంటల మీటరు పనిచేయడం లేదు. ఆటోనగర్‌లో కొత్తది వేయించి సున్నా నుంచి మొదలుపెట్టాను. మొన్న దసరాకు బండి కడిగి, బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేటప్పుడు చూస్తే 412. ఈ మధ్యలో జేసీబీని పిలిచింది రెండుసార్లు, కలిపి తొమ్మిది గంటలు.